శుక్రవారం నీళ్ళు

ధర చెప్పగానే ఒప్పుకునే మనిషిని చూస్తే నాకు జాలేస్తుంది. మంగళగిరిలో చీర కొనేటప్పుడు చెప్పిన రేటులో సగం దగ్గర మొదలుపెట్టి, మూడొంతుల దగ్గర తేల్చి, బస్సెక్కాక ఇంకో వంద తగ్గించాల్సిందని అద్దంకి దాకా బాధపడే రకాన్ని నేను. మా బజారు చివర కూరగాయలమ్మే మనిషి నన్ను దూరం నుంచి చూడగానే ఉల్లిపాయల గుట్ట మీద గోనె కప్పేసి, "ఇవాళ సరుకు రాలేదమ్మా" అంటుంది. ఆ మాటని నేను పొగడ్తగానే తీసుకుంటాను.

అలాంటి నన్ను బేరంలో చిత్తు చేసిన మనిషి గురించి రాయాలంటే అంత తేలిక కాదు. ఆమె మా వార్డు నర్సు. నా దగ్గర ఏమీ కొనలేదు, నాకేమీ అమ్మలేదు. అయినా నా దగ్గర్నుంచీ మా అమ్మ దగ్గర్నుంచీ తనకి కావలసింది తీసుకుపోయింది.

మాది స్టీలు, ప్లాస్టిక్ సామాన్ల కొట్టు. నాన్న పెట్టింది. కింద కొట్టు, పైన ఇల్లు. నేను ఒక్కతే కూతుర్ని కాబట్టి నాన్న పోయాక కొట్టు నా చేతికొచ్చింది, గల్లాపెట్టె పక్కన కుర్చీ మాత్రం అమ్మదే. మా ఆయన ఇల్లరికం వచ్చాడు. ఊరి బయట మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. "నువ్వు చేసిన బేరాల్లో లాభం వచ్చింది అదొక్కటే" అని అమ్మ ఆయన ముందే అంటుంది. ఆయన తల వంచుకుని అన్నం తింటాడు.

మా కొట్లో అన్నిటికంటే ఎక్కువ పోయేది నీలం రంగు నీళ్ళ డ్రమ్ము. మా బజారుకి కుళాయి వచ్చేది సోమ, బుధ, శుక్రవారాలు. మిగతా రోజులు డ్రమ్ములే దిక్కు. అందుకని మా వీధిలో ప్రతి ఇంటి మీదా, ప్రతి కొట్టు వెనకా డ్రమ్ములుంటాయి. అన్నీ నేనమ్మినవే. మూతలు విడిగా అమ్మేదాన్ని. మూత లేకుండా కొనేవాళ్ళే ఎక్కువ, ఏదో ఒక పళ్ళెం బోర్లిస్తే సరిపోతుంది కదా అని. నేనూ అదే అనేదాన్ని, మూత కొనమని బతిమాలితే బేరం చెడుతుందని.

నర్సు మొదటిసారి వచ్చింది ఒక శుక్రవారం పొద్దున. అప్పుడే షట్టరు ఎత్తి, దీపం వెలిగించి, అగరొత్తి గుచ్చాను. బోణీ ఇంకా కాలేదు. మొదట వచ్చిన మనిషిని ఒట్టి చేతులతో పంపకూడదని నాన్న నాటి కట్టడి. భుజాన సంచి, మెడలో కార్డు, చేతిలో టార్చితో ఎండలో నడిచి వచ్చిన ముప్పయ్యేళ్ళ మనిషి గడప ముందు నిలబడింది.

"ఏం కావాలమ్మా?"

"డ్రమ్ము చూడాలక్కా."

"రండి రండి. ఏ సైజు? వంద లీటర్లా, రెండొందలా?"

"కొత్తవి కాదక్కా. పైన మీరు వాడుకునేవి."

అప్పుడర్థమైంది. డెంగీ దోమలు నిలవ నీళ్ళలో గుడ్లు పెడతాయనీ, ప్రతి శుక్రవారం డ్రమ్ములు, తొట్లు, కూలర్లు ఖాళీ చేసి, తోమి, ఆరబెట్టాలనీ, ఊరంతా ఒకే రోజున చేయాలనీ చెప్పింది. ఆ రోజుకి డ్రై డే అని పేరట. మాటలు గడగడా అప్పజెప్పలేదు. నేను వింటున్నానో లేదో చూసుకుంటూ ఒక్కో మాటా చెప్పింది.

కుర్చీలోంచి అమ్మ అడిగింది. "ఏ రోజు అన్నావమ్మాయ్?"

"శుక్రవారం పెద్దమ్మగారూ."

"శుక్రవారం లక్ష్మీదేవి రోజు. శుక్రవారం ఇంట్లోంచి చేబదులు కూడా ఇవ్వం. నిండు డ్రమ్ము తెచ్చి సైడు కాలవలో పోయమంటావా?"

"నిండు డ్రమ్ము కాదమ్మా, అడుగున మిగిలినవి."

"అడుగునున్నా లక్ష్మే. ఇంకో రోజు చెప్పు."

నర్సు వాదించలేదు. చిన్న పుస్తకంలో మా ఇంటి నంబరు ఎదురుగా ఏదో రాసుకుని, వచ్చే వారం వస్తానని చెప్పి వెళ్ళిపోయింది. బోణీ కాని మనిషి వెళ్ళిపోయిందని అమ్మ గొణిగింది. నాకు మాత్రం ఆమె మాటలు పట్టుకున్నాయి. దానికి కారణం ఉంది.

అంతకు ముందు ఏడు కార్తీకంలో అమ్మకి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయి చిగుళ్ళలోంచి రక్తం కారితే గుంటూరు తీసుకెళ్ళాం. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇంటికి పంపే రోజున డాక్టరు నన్ను బయటికి పిలిచి, "ఒకసారి వచ్చింది కదా, ఇంక రాదనుకోకండి. ఇంకో రకం డెంగీ వస్తే మొదటిదానికంటే ప్రమాదం ఎక్కువ. ఈ వయసులో ఈమెకి రెండోసారి రానివ్వకండి" అన్నాడు.

"ఎన్ని రకాలున్నాయి డాక్టరుగారూ?"

"నాలుగు."

"ఒకటి అయిపోయింది కదండీ. మూడే కదా మిగిలినవి?"

ఆయన నా మొహంలోకి చూసి, పెన్ను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నా నోరు అంతే. ఎక్కడైనా ఏదైనా తగ్గుతుందేమోనని అడగకుండా ఉండలేదు.

అమ్మ లెక్క ఇంకోలా ఉంది. ఆటలమ్మ ఒకసారి పోస్తే మళ్ళీ పోయదు కదా, ఇదీ అంతే అని ఆవిడ నమ్మకం. డాక్టరు మాట చెబితే, "వాళ్ళు అలాగే అంటారు, మళ్ళీ రావాలిగా మనం" అంది. అంతకంటే గట్టిగా చెబితే భయపడుతుందేమోనని నేను చెప్పలేదు. ఏడాదంతా దోమ కనిపిస్తే చాలు, బ్యాటు పుచ్చుకుని కొట్టంతా తిరిగేదాన్ని. కొనడానికి వచ్చినవాళ్ళు నేను వాళ్ళనే కొట్టడానికి వస్తున్నాననుకుని వెనక్కి జరిగేవాళ్ళు.

నర్సు వెళ్ళిన సాయంత్రం అమ్మతో బేరానికి కూర్చున్నాను. గురువారం పారబోద్దామన్నాను.

"గురువారం పారబోసి, శుక్రవారం కుళాయి వచ్చేదాకా ఏం తాగుతావే? ఏం వండుతావు?"

అది నిజమే. శుక్రవారం కుళాయి రోజు. పాత నీళ్ళు తీసేసి డ్రమ్ము తోమి కొత్త నీళ్ళు పట్టుకోవడానికి దానికంటే మంచి రోజు లేదు. సోమవారం అంటే శివుడి రోజంది. బుధవారం అంటే, "అది మా నాయన తిథి వారం" అంది. తిథికీ వారానికీ ఏం సంబంధమని నేను అడగలేదు. బేరంలో అవతలివాళ్ళు అలా మాట్లాడారంటే ఇంక ఇవ్వదలచుకోలేదని అర్థం.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

కొట్లోంచి ఇంకో డ్రమ్ము పైకి తెప్పించాను. శుక్రవారం పొద్దున్నే పాత డ్రమ్ములో అడుగున మిగిలిన నీళ్ళని కొత్త డ్రమ్ములోకి ఒంపేసి, పాతదాన్ని బోర్లించాను. పై శుక్రవారం ఇందులోవి అందులోకి. నీళ్ళు గడప దాటలేదు కాబట్టి అమ్మకి అభ్యంతరం లేదు. ఒక డ్రమ్ము ఖాళీగా బోర్లించి ఉంది కాబట్టి నర్సుకీ అభ్యంతరం ఉండదనుకున్నాను. ఇద్దరినీ ఒప్పించిన బేరం నా జన్మలో అదే మొదటిది.

ఊరుకున్నానా? ఎదురుగా ఉన్న బట్టల కొట్టాయనకి చెప్పాను. ఆయన ఇంట్లోనూ ఇదే పేచీ, శుక్రవారం నీళ్ళు పారబోయడానికి వాళ్ళావిడ ఒప్పుకోవడం లేదు. "నీ బుర్రే బుర్ర చెల్లెమ్మా. ఇంకో డ్రమ్ము అమ్ముడైంది కూడా నీకు" అన్నాడు. ఆయన చెబితే చెప్పుల కొట్టుకి, అక్కణ్ణుంచి ఫ్యాన్సీ షాపుకి పాకింది. ఆ నెలలో నాకు పదకొండు డ్రమ్ములు పోయాయి. ప్రజారోగ్యానికి నా వంతు సేవ అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

మధ్యలో నర్సు రెండుసార్లు వచ్చింది. వచ్చినప్పుడు నేను ఎత్తుకునే మాట ఒకటే. "మీరు పొగ మిషన్ తెప్పించండి సిస్టర్. బజారంతా ఒకసారి కొట్టించండి, మేమూ మీరు చెప్పినట్టు చేస్తాం."

"పొగ ఎగిరే దోమలకక్కా. వాటి పిల్లలు నీళ్ళలో ఉంటాయి. పొగ పోయిన మర్నాడు అవి లేస్తాయి."

"సగం వీధికైనా కొట్టించండి."

ఆమె నవ్వింది. "మీరు కూరగాయలమ్మి దగ్గర కూడా ఇలాగే అడుగుతారంట కదా?"

బజార్లో నా పరువు ఎంత దూరం పోయిందో అప్పుడు తెలిసింది.

పైకి వచ్చి డ్రమ్ములు చూసిందే కానీ ఇంట్లోకి రాలేదు. మా మేడ మెట్ల చివర నీళ్ళ గది, దాని పక్కన గుమ్మం. ఆమె చెప్పులు కిందే విడిచి వచ్చి, గుమ్మం ఇవతలే నిలబడి, బోర్లించిన డ్రమ్ము చూసి, పుస్తకంలో టిక్కు పెట్టుకునేది. మా అమ్మకి మడి నీళ్ళ పట్టింపు. ఆ నర్సు పక్క ఊరి దళితవాడలోంచి వచ్చిన పిల్ల. వాళ్ళమ్మ మిరప కోతలకి వెళ్ళేది. ఆదివారాలు వాళ్ళు చర్చికి వెళతారు. ఆమె గుమ్మం దగ్గర ఎందుకాగేదో ఆమెకి తెలుసు, మాకూ తెలుసు. ఎవరమూ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తనందుకు ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంది, అప్పుడు మర్యాద అనుకున్నాను.

వినాయక చవితి వెళ్ళాక ఒకరోజు ఎదుటి బట్టల కొట్టు షట్టరు తెరుచుకోలేదు. వాళ్ళావిడకి జ్వరం. రెండు రోజుల్లో డెంగీ అని తేలింది. గుంటూరు తీసుకెళ్ళారు.

ఆ మధ్యాహ్నమే నర్సు మా వీధిలో ప్రతి ఇంటికీ తిరిగింది. మా కొట్టుకి వచ్చేసరికి చెమటలు కారుతున్నాయి. ఈసారి పుస్తకం తీయలేదు.

"అక్కా, కొట్లో తెల్ల గిన్నె ఉందా?"

స్టాకులోంచి ఒకటి తీసిచ్చాను. పైకి వచ్చి, నీళ్ళున్న డ్రమ్ములో ముంచి తీసింది. టార్చి వేసి నాకు చూపించింది. తెల్ల గిన్నెలో సన్నటి వెంట్రుక ముక్కల్లాంటివి, తల కిందికి, తోక పైకి పెట్టి వేలాడుతున్నాయి. గిన్నె కదిపితే మెలికలు తిరుగుతూ అడుక్కి పోయాయి. పది పదిహేను ఉంటాయి.

"ఈ నీళ్ళు ఎప్పటివక్కా?"

నేను ఉపాయం చెప్పాను. చెబుతున్నప్పుడే తెలిసిపోయింది. డ్రమ్ము మారింది, నీళ్ళు మారలేదు. అందులో పిల్లల్ని ఇందులోకి, ఇందులోవి అందులోకి, ప్రతి శుక్రవారం నా చేతులతో నేనే జాగ్రత్తగా ఒంపుతూ వచ్చాను. ఒక్క చుక్క వృథా కానివ్వలేదు. పైగా వీధి వీధంతటికీ నేర్పాను.

"ఇక్కడ తోమారా?" అని అడిగింది, డ్రమ్ము లోపలి గోడ మీద వేలు పెట్టి.

"లేదు."

"గుడ్లు గోడకి అతుక్కుని ఉంటాయి. ఎండినా చావవు. నీళ్ళు తగలగానే పగులుతాయి. పీచు పెట్టి రుద్దాలి."

గిన్నె పట్టుకుని మెట్లు దిగింది. ఆమె ఒక్క మాట అన్నా నాకు కొంత తేలికయ్యేది, ఎదురు చెప్పడానికి ఏదైనా దొరికేది.

కింద అమ్మ గిన్నె చూసింది. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. "ఇవి దోమలవుతాయా?"

"వారం లోపల పెద్దమ్మగారూ."

"ఎదుటి అమ్మాయికి ఇవేనా?"

"ఇవే అని చెప్పలేను. ఆ ఇంట్లోనూ ఉన్నాయి. వీధిలో తొమ్మిదిళ్ళలో ఉన్నాయి."

అమ్మ మళ్ళీ గిన్నెలోకి చూసింది. నేను ఆగలేకపోయాను. డాక్టరు చెప్పిన మాట, ఏడాదిగా దాచుకున్నది, నర్సు ముందే అమ్మకి చెప్పేశాను. రెండోసారి వస్తే ప్రాణం మీదికి రావచ్చన్నాడని. అమ్మ నావైపు తిరిగి, "ఈ మాట నాకు ఇన్నాళ్ళు చెప్పకుండా ఏం చేశావే?" అంది.

ఇంక నర్సు అమ్మకి దోమల గురించి చెబుతుందనుకున్నాను. ఆమె వేరే అడిగింది.

"పెద్దమ్మగారూ, శుక్రవారం పొద్దున కొట్టు తెరిచే ముందు ఏం చేస్తారు?"

"వాకిలి ఊడ్చి కల్లాపి చల్లుతాను. ముగ్గేస్తాను."

"ఏ నీళ్ళతో?"

"కుళాయి నీళ్ళతో. అప్పుడే వస్తాయిగా."

"వారమంతా చల్లుతారా?"

"చల్లుతాను. శుక్రవారం ఇంకాస్త ఎక్కువ. బజారు వైపు మెట్లు కూడా కడుగుతాను."

నర్సు గిన్నెలో నీళ్ళు తీసుకుని కొట్టు ముందుకి వెళ్ళింది. ఎండకి కాలిన సిమెంటు మీద చేత్తో పల్చగా చల్లింది. మేం చూస్తుండగానే తడి ఆరిపోయింది. చాలాసేపు పట్టలేదు. వంగి, వేలితో ఒక చోట చూపించి, "చచ్చిపోయాయి. పొడి నేల మీద బతకవు" అంది.

"శుక్రవారం నీళ్ళు కాలవలో పోయొద్దు పెద్దమ్మగారూ. మీరన్నది నిజమే, ఎందుకు పోయాలి? డ్రమ్ములో మిగిలినవే కల్లాపి చల్లండి. మెట్లు కడగండి. మడుగు కట్టకుండా పల్చగా. డ్రమ్ము ఖాళీ అయ్యాక పీచుతో తోమించి, అప్పుడు కుళాయి నీళ్ళు పట్టుకోండి. లక్ష్మి గడప ముందే ఉంటుంది, ఎక్కడికీ పోదు."

అమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. నాన్న బతికున్న రోజుల్లో, పెద్ద బేరం చేసే కంపెనీ ఏజెంటుని అమ్మ అలా చూసేది.

"నీకెవరు చెప్పారు ఇది?"

"ఎవరూ చెప్పలేదమ్మా. వారం వారం మీ వీధిలో తెల్లారి తిరుగుతాను కదా. అందరూ చల్లుతుంటే చూస్తాను."

నేను ఆ సాయంత్రమంతా మా అమ్మని వారం మార్చమని బేరమాడాను. ఈ మనిషి వారం మార్చమని ఒక్కసారి కూడా అడగలేదు. అమ్మ వదలనిది అమ్మ దగ్గరే ఉంచేసి, తనకి కావలసిన ఖాళీ డ్రమ్ము తీసుకుపోయింది. పాతికేళ్ళుగా గల్లాపెట్టె ముందు కూర్చున్న నాకు ఆ రోజున బేరం అంటే ఏమిటో ఒక నర్సు చూపించింది.

వెళ్ళబోతూ నావైపు తిరిగి, "అక్కా, డ్రమ్ముతో పాటు మూత కూడా ఇస్తే బాగుంటుంది" అంది.

"ఊరికేనా?"

"మీ ఇష్టం."

సగం ధరకి ఇవ్వడం మొదలుపెట్టాను. ఇది రాస్తూ కూడా పూర్తిగా ఊరికే ఇచ్చానని రాద్దామా అనిపించింది. ఇవ్వలేదు. సగమే.

బట్టల కొట్టాయన భార్య పది రోజులకి ఇంటికొచ్చింది. చిక్కి సగమైంది. నేను చూడ్డానికి వెళ్ళి, తప్పు నాదని చెప్పాను. ఆయన నా కళ్ళలోకి చూడకుండా ఒక చీర మడత పెడుతూ, "డ్రమ్ము ఒంపింది మేమే కదా చెల్లెమ్మా" అన్నాడు. ఆవిడే మంచం మీంచి, "మీ అమ్మగారిని చూసుకోండి, నాకు వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఆ నొప్పులు పగవాడికి కూడా వద్దు" అంది.

ఆ తర్వాత శుక్రవారాలు చూడాల్సిందే. ఐదున్నరకల్లా అమ్మ లేచి, మా ఆయన్ని లేపి, డ్రమ్ము మెట్ల మీంచి దింపించేది. ఆయన లుంగీ ఎగ్గట్టి పీచుతో డ్రమ్ములో తల దూర్చి తోముతుంటే, లోపల్నుంచి ఆయన గొణుగుడు గంటలో మోగినట్టు వినిపించేది. అమ్మ బకెట్టుతో కల్లాపి చల్లేది. మా గడప ముందు అయిపోతే చెప్పుల కొట్టు ముందు, అదీ అయిపోతే ఫ్యాన్సీ షాపు ముందు. వాళ్ళు నిద్ర లేచేసరికి వాళ్ళ వాకిట్లో అమ్మ నిలబడి ఉండేది.

"ఏమ్మాయ్, మీ డ్రమ్ము ఏది? కిందికి తెప్పించు."

"చేస్తామండీ పిన్నిగారూ, మధ్యాహ్నం."

"మధ్యాహ్నం కుళాయి ఉండదు. ఇప్పుడు తెప్పించు."

పీచు కూడా తనే పట్టుకెళ్ళేది. అంతకుముందు శుక్రవారం నీళ్ళు కదపొద్దన్న మనిషే ఇప్పుడు శుక్రవారం నీళ్ళు కదపని ఇంట్లో లక్ష్మి ఉండదని చెబుతోంది. ఆవిడ మాట మార్చానని ఒప్పుకోలేదు. ముందు నుంచీ ఇదే అంటున్నానంది. నేను సరిదిద్దలేదు. పాత రేటు గుర్తు చేసి కొత్త బేరం చెడగొట్టుకునేంత తెలివితక్కువదాన్ని కాదు.

నర్సు శుక్రవారం మా వీధికి వచ్చేసరికి నేల తడిగా, ముగ్గులు ఆరుతూ, డ్రమ్ములు బోర్లించి ఉండేవి. పుస్తకంలో టిక్కులు పెట్టుకుంటూ నడిచేది. అమ్మ కాఫీ తాగమంటే ఇంకా ఇరవై ఇళ్ళున్నాయని ఆగేది కాదు. మా వీధిలో ఇంకెవరికీ జ్వరం రాలేదు. రాని జ్వరాన్ని ఎవరూ లెక్కపెట్టరు. రాని జ్వరానికి దండ వేసే మనిషీ లేడు. ఆమె నెలనెలా ఎన్ని మెట్లు ఎక్కి దిగేదో, ఎన్ని ఇళ్ళ ముందు "మళ్ళీ వచ్చావా" అనిపించుకునేదో నాకు తెలుసు. ఎందుకంటే ఒకప్పుడు ఆ మాట అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

దీపావళి దగ్గరికొచ్చాక నాలుగు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు అమ్మకి జ్వరం వచ్చింది.

నూట రెండు. ఒళ్ళు నొప్పులు, కళ్ళ వెనక నొప్పి. కిందటేడు కూడా ఇలాగే మొదలైంది. కొట్టు మూసేశాను. పండగ ముందు కొట్టు మూసిన రోజు మా ఇంటి చరిత్రలో లేదు. నర్సుకి ఫోను చేస్తే తడుస్తూ వచ్చింది. రక్తం తీసి, వేరే మాత్రలేమీ వద్దని, జ్వరానికి ఒక్క పారాసిటమాల్ మాత్రమే వేయమని, నీళ్ళు, మజ్జిగ ఎక్కువ తాగించమని చెప్పింది. పొట్ట నొప్పి గానీ, వాంతులు గానీ, చిగుళ్ళలో రక్తం గానీ కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి బయల్దేరమంది. అవే మాటలు మా ఆయనకి కూడా చెప్పి, తిరిగి ఆయన చేత చెప్పించుకుంది.

రిపోర్టు మర్నాటికి గానీ రాదు. ఆ రోజంతా నేను అమ్మ మంచం పక్కనే కూర్చున్నాను. మొక్కులు మొక్కాను. మామూలుగా మొక్కులో కూడా బేరం చేస్తాను, ఇంత ఇస్తాను ఇది చెయ్యి అని. ఆ రోజు ఎంతంటే అంత అన్నాను. అమ్మ కళ్ళు మూసుకునే, "ఏమే, ఎదుటి కొట్టు తెరిచాడా?" అని అడిగింది. తెరిచాడన్నాను. "మనది తెరవకపోతే మన గిరాకీ వాడికి పోతుంది" అంది. ఎదుట బట్టల కొట్టు, మాది గిన్నెల కొట్టు. జ్వరంలో ఆ తేడా ఆవిడకి కనిపించలేదు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మర్నాడు మధ్యాహ్నం మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. నర్సు గుమ్మం ఇవతల ఆగింది, ఎప్పటిలాగే.

అమ్మ మంచం మీంచి తల ఎత్తింది. "అక్కడ నుంచుని ఏం చెబుతావమ్మాయ్, లోపలికి రా. ఇక్కడ కూర్చో."

ఆమె ఒక్క క్షణం నా మొహం చూసింది. తర్వాత లోపలికి వచ్చి అమ్మ మంచం మీద, కాళ్ళ దగ్గర కూర్చుంది. ఫోనులో రిపోర్టు తీసి, "డెంగీ కాదు పెద్దమ్మగారూ. మామూలు వైరల్ జ్వరం. ప్లేట్‌లెట్లు బాగున్నాయి" అంది.

నేను వంటింట్లోకి వెళ్ళి, తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ ఆ చప్పుడులో ఏడ్చాను. బయటికి వచ్చేటప్పుడు కాఫీ కలిపి తెచ్చాను. మంచినీళ్ళు మడి బిందెలోంచి ముంచిచ్చాను. అమ్మ చూసింది, ఏమీ అనలేదు. నర్సు నీళ్ళు తాగి, కాఫీ గ్లాసు పట్టుకుని గది నలుమూలలా చూస్తోంది. ఆ చూపు నాకు అలవాటే. ఆమె ఏ ఇంట్లోకి వెళ్ళినా అలాగే చూస్తుంది.

"అక్కా, ఆ ఫ్రిజ్ కొంచెం జరుపుతారా?"

మా ఫ్రిజ్ హాల్లో, అమ్మ మంచం తల వైపు ఉంటుంది. పదేళ్ళ నాటిది. నేనూ మా ఆయనా కలిసి జరిపాం. వెనక, అడుగున, నల్లటి ప్లాస్టిక్ పళ్ళెం ఒకటుంది. మంచు కరిగిన నీళ్ళు అందులో పడతాయట. ప్లాస్టిక్ సామాన్లు అమ్ముకుని బతికే నాకు, మా ఇంట్లో అలాంటి పళ్ళెం ఒకటుందని ఆ రోజు దాకా తెలియదు. నర్సు టార్చి వేసింది. దుమ్ము తేలుతున్న నీళ్ళలో నాలుగో ఐదో, తల కిందికి పెట్టి వేలాడుతున్నాయి.

అమ్మ తలగడకి రెండు మూరల దూరం.

వీధిలో డ్రమ్ములన్నీ తోమించిన అమ్మ తన తల దగ్గర వాటిని పెంచుకుంటూ పడుకుంది. నర్సు కాఫీ గ్లాసు కింద పెట్టి, పళ్ళెం చేత్తో లాగి, డాబా మీదికి తీసుకెళ్ళింది. వాన అప్పుడే ఆగింది, డాబా అంతా తడిగా ఉంది. పొడిగా ఉన్న చోటు వెతికి, చూరు కింద ఒంపి, పీచు అడిగి తనే రుద్దింది. నేను లాక్కోబోతే ఇవ్వలేదు.

"నేను వీధంతా చూశాను కానీ ఇళ్ళలోకి రాలేదు కదక్కా" అంది, నన్ను తప్పు పట్టినట్టు కాకుండా, తన పనిలో లోటు చెప్పుకున్నట్టు.

లోపల్నుంచి అమ్మ పిలిచింది. జ్వరం గొంతే, కానీ కొట్లో కూర్చున్నప్పటి గొంతు. "ఎదుటాయన ఇంట్లో ఫ్రిజ్ ఉంది. చెప్పుల కొట్టతనికి రెండున్నాయి. కూల్‌డ్రింకుల షాపులో ఎన్నో. ఏమే, నువ్వు ఇక్కడ కూర్చుని నా మొహం చూస్తే ఏం లాభం? ఆ అమ్మాయితో వెళ్ళు. ఒక్కతే ఎన్ని జరుపుతుంది?"

"జ్వరం మనిషిని వదిలేసి ఎలా వెళ్ళను?"

"మీ ఆయన ఉన్నాడుగా. వెళ్ళు."

చీర కుచ్చెళ్ళు దోపుకుని నర్సు వెనక మెట్లు దిగాను. కూల్‌డ్రింకుల షాపతను మమ్మల్ని చూసి, "ఇది జరపడం కుదరదండీ, నిండా సీసాలున్నాయి" అన్నాడు. నర్సు నావైపు చూసింది. ఏం చేయాలో ఆమెకి తెలుసు, కానీ ఈసారి నాకు వదిలేసింది. నేను సీసాలు ఒక్కొక్కటే బయటికి తీయడం మొదలుపెట్టాను.